అభియోగమునకును తీర్పునకును నడుమ

‘అగ్గిరాముడు’ చిత్రము 1954లో వెలువడినది. నందమూరి తారక రామారావు, భానుమతి అందు ప్రధానపాత్రలు ధరించిరి. షేక్ నాజరు చెప్పిన అల్లూరి సీతారామరాజు బుఱ్ఱకథ అందుండుటచే, ఆ చిత్రమును చూడనివారు సైతము దాని పేరు వినియుందురు. దాని దర్శకుడును నిర్మాతయు ఎస్. ఎం. శ్రీరాములు నాయుడు, కోయంబత్తూరులోని పక్షిరాజా స్టూడియో అధిపతి. ఇదే కథను తమిళమున ‘మలైక్కళ్ళన్’ అను పేర తీసి ఆయన రాష్ట్రపతి రజత పతకమును తెచ్చుకొనెను. మరుసటి ఏట దిలీప్ కుమార్, మీనా కుమారిలతో హిందీలో ‘ఆజాద్’ తీసెను. ఇట్టి దర్శకుడు అంతకు తొమ్మిదేండ్ల క్రితము హత్యకుట్ర కేసులో ముద్దాయిగా మదరాసు హైకోర్టు బోనులో నిలిచెననిన నమ్మశక్యము కాదు. కాని నిలిచెను. ఆయన ప్రక్కన ఆ బోనులోనే దక్షిణదేశ చిత్రసీమలో అప్పటికి మించినవారు లేరనదగిన ఇద్దరు నటులు కూడ నిలిచిరి.

ఆ పాత సంగతిని ఇప్పుడెత్తుకొనుటకు కారణము కలదు. తెలుగు, తమిళ చిత్రములకు నృత్యములు కూర్చి మిక్కిలి పేరు గడించిన జానీ మాస్టరును 2024 సెప్టెంబరు 19న సైబరాబాదు పోలీసులు గోవాలో నిర్బంధించిరి. ఆయన వద్ద సహాయకురాలిగా పనిచేసిన యువతి చేసిన లైంగిక వేధింపు ఫిర్యాదు అందులకు ఆధారము. ఆరోపణ నిజము కాదని ఆయన పక్షమున వాదింపబడెను. అంతకు నెల రోజుల క్రితమే, ఆగస్టు 16న, ‘తిరుచ్చిట్రంబలం’ అను తమిళ చిత్రములోని పాటకుగాను ఆయనకును మరియొకరికిని కలిపి ఉత్తమ నృత్యదర్శకత్వమునకు జాతీయ పురస్కారము ప్రకటింపబడియుండెను. దానిని స్వీకరించి వచ్చుటకు న్యాయస్థానము మధ్యంతర బెయిలు నిచ్చెను. అంతలో, ఆరోపణ తీవ్రమైనదనియు, విషయము న్యాయస్థానము ముందున్నదనియు చెప్పి, పురస్కారమునే నిలిపివేసిరి. అక్టోబరు 24న తెలంగాణ హైకోర్టు బెయిలు మంజూరు చేసెను. నిజానిజములు తేల్చవలసినది న్యాయస్థానము, మేమిట తేల్చబోము.

అయితే ఆ వారములలో అనేక కుటుంబములలో ఒక వాదము నడిచినది. రేడియోలోనో, టెలివిజనులోనో అట్టివాని చేయి పడిన పాట వచ్చినప్పుడు మీట త్రిప్పివేయవలెనా? త్రిప్పివేయుట విచారణకు ముందే శిక్ష వేయుట కాదా అని ఇంటి పెద్ద అనును. వినుచు కూర్చుండుట ఫిర్యాదు చేసినదానిని అబద్ధీకురాలనుట కాదా అని కళాశాలలో చదువు కుమార్తె అడుగును. ఇద్దరి మాటలోను బలము కలదు. ఈ చిక్కు క్రొత్తది కాదు. ఎనుబదేండ్ల క్రితము మన పెద్దలకును ఎదురైనది. అప్పుడేమి జరిగినదో తెలిసికొనిన, ఇప్పటి వాదము కొంత విశదమగును.

త్యాగరాజ భాగవతార్ అను పేరు నేటి యువతరమునకు తెలియకపోవచ్చును. 1934లో ‘పవళక్కొడి’ చిత్రముతో తెరకెక్కి, పదేండ్లలో తమిళ చిత్రసీమకు మకుటములేని మహారాజయ్యెను. నేపథ్యగానము ఇంకను కుదురుకొనని కాలమది. నటుడు తన పాట తానే పాడవలెను. పాడలేనివాడు కథానాయకుడు కాలేడు. 1941లో వచ్చిన ‘అశోక్ కుమార్’ మన తెలుగువారికి ప్రత్యేకముగ చెప్పదగినది. అందు అశోక చక్రవర్తి మన చిత్తూరు నాగయ్య; తిష్యరక్షిత మన కన్నాంబ; సవతితల్లి మోపిన నిందచే కన్నులు కోల్పోవు కుణాలుడు భాగవతార్. నిందితుని పాత్ర ఆయనకు తెరమీదనే ముందుగా ప్రాప్తించినది. 1944 దీపావళికి విడుదలైన ‘హరిదాస్’ మదరాసు బ్రాడ్వే టాకీసులో మూడు దీపావళులు చూచినది. ఇది అతిశయోక్తి కాదు. 1944, 1945, 1946 ఆ మూడును.

రెండవవాడు ఎన్. ఎస్. కృష్ణన్. హాస్యనటుడే యైనను నవ్వులో సంస్కారమును కలిపి చెప్పగలవాడు. భార్య టి. ఏ. మధురం ఆయనతో జంటగా నటించెడిది. శ్రీరాములు నాయుడు 1943లో భాగవతార్ నటించిన ‘శివకవి’ చిత్రమునకు దర్శకత్వము వహించినవారిలో ఒకడు. ముగ్గురును ఒండొరులను ఎఱిగినవారే.

ఇక లక్ష్మీకాంతన్. ఫోర్జరీ నేరమునకు శిక్ష ననుభవించి వచ్చినవాడు. 1943లో ‘సినిమా తూతు’ అను వారపత్రికను పెట్టి, నటీనటుల స్వంత జీవితములపై, వారి నడవడికపై నానావిధములైన నిందలు అచ్చువేయుచుండెను. అవి నిజములా, కల్పనలా అని ఎవరును అడుగలేదు. కొనుటకు మాత్రము ఎగబడిరి. కొందరు సొమ్మిచ్చి అతని నోరు మూయించిరని ఆ కాలపు మాట. యుద్ధకాలమగుటచే పత్రిక నడుపుటకు అనుమతిపత్రము కావలసియుండెను. పైన చెప్పిన ముగ్గురును మదరాసు గవర్నరుకు విన్నవించుకొనగా ఆ అనుమతి రద్దయ్యెను. అతడు ‘హిందూ నేశన్’ అను మరియొక పత్రికను చేపట్టి, వెనుకటి ధోరణినే కొనసాగించెను. 1944 నవంబరు 8న వేపేరిలో రిక్షాలో పోవుచుండగా కత్తిపోట్లకు గురియై, మరునాడు ఆసుపత్రిలో మరణించెను. డిసెంబరులో భాగవతార్, కృష్ణన్‌లు నిర్బంధింపబడిరి. నాయుడును ముద్దాయి అయ్యెను.

1945లో జస్టిస్ మాకెట్ ఎదుట, జూరీతో విచారణ జరిగినది. నాయుడు నిర్దోషిగా విడువబడెను. జూరీలోని అధికసంఖ్యాకుల అభిప్రాయము ననుసరించి భాగవతార్‌కును కృష్ణన్‌కును యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష విధింపబడెను. హైకోర్టులో అప్పీలు పోయెను. అటుపై లండనులోని ప్రీవీ కౌన్సిలుకు పోగా, వారు కేసును తిరిగి వినుటకై మదరాసుకు మరల్చిరి. 1947 ఏప్రిలులో ఆ పునర్విచారణలో శిక్ష కొట్టివేయబడెను. అప్పటికి వారు చెఱలో గడపినది రెండేండ్లకు మించిన కాలము. ‘హరిదాస్’ బ్రాడ్వేలో ఆడుచున్నంత కాలములో అధికభాగము దాని నాయకుడు ఖైదీగా నుండెను. జనులు చిత్రమును మానలేదు, నటుని విడిపింపనులేదు.

ఇక్కడ మేము ఒకింత నిలువదలచితిమి. ముగ్గురిపై అభియోగ మొకటే. ముగ్గురును తుదకు నిర్దోషులే. కాని ముగ్గురి తరువాతి బ్రతుకులు మూడు దారులు పట్టినవి.

నాయుడు మొదటి విచారణలోనే విడుదలైనందున, పని తెగకుండ సాగినది. పక్షిరాజా స్టూడియోను నిర్మించెను. ‘మలైక్కళ్ళన్’, ‘అగ్గిరాముడు’, ‘ఆజాద్’ ఆ కృషి ఫలములు. ఆయన దర్శకుడు, తెరవెనుక మనిషి. ప్రేక్షకుడు ఆయన ముఖమును చూచి టికెట్టు కొనడు. అభియోగపు మచ్చ ఆయన విషయమున పరిశ్రమవారికి తెలిసినంతగా జనమునకు తెలియకుండుట ఆయన అదృష్టమని మా తలంపు.

కృష్ణన్ చెఱలోనున్నప్పుడు మధురం చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. భర్తకై న్యాయస్థానముల చుట్టు తిరుగుచునే, ఎస్. వి. సహస్రనామం తోడ్పాటుతో నాటకసమాజమును నిలిపెను. ఆ సమాజపు నాటకమే ‘పైత్తియక్కారన్’ చిత్రమై 1947లో వెలువడినది. విడుదలై వచ్చిన కృష్ణన్‌కును అందు చోటు కల్పింపబడెను. అటుపై 1949లో అన్నాదురై రచించిన ‘నల్లతంబి’, 1951లో తానే దర్శకత్వము వహించిన ‘మణమగళ్’, 1952లో కరుణానిధి సంభాషణలతో ‘పణం’. చిత్రసీమ రుచి మారుచున్నదని ఆయన గ్రహించి, మారుచున్న వారితోనే చేయి కలిపెను. 1957లో మరణించునంతవరకు జనాదరణ తగ్గలేదు. ధనము మాత్రము నిలువలేదు.

భాగవతార్ మాటయే దుఃఖకరము. నిర్బంధము నాటికి చేతిలోనున్న ఒప్పందములన్నియు రద్దయినవి; వ్యాజ్యముల ఖర్చు ఆస్తిని హరించినది. విడుదలైన పిదప ఇతరుల చిత్రములకై వెదుకక, స్వంతముగ ‘రాజముక్తి’ తీసెను. 1948లో విడుదలైన ఆ చిత్రము ఓడిపోయినది. రాజు ముక్తి పొందినను జనము రాలేదు! 1952లో ‘అమరకవి’, ‘శ్యామల’. 1957లో తానే దర్శకుడై ‘పుదువాళ్వు’. ఏదియు పూర్వవైభవమును తేలేదు. 1959 నవంబరు 1న, నలువదితొమ్మిది ఏండ్లకే, అనారోగ్యముచే కన్నుమూసెను. చివరి చిత్రము ‘శివగామి’ మరణానంతరము వెలువడినది.

నింద ఆయనను చంపినదని పలువురు వ్రాసిరి. మేమట్లు తలపము, అది సగము మాత్రమే నిజము. ఆయన చెఱలో నుండగా తెరయే మారిపోయినది. నేపథ్యగానము స్థిరపడి, పాడలేని నటుడును నాయకుడు కాగలిగెను. మన వైపు ఘంటసాల గొంతు ఆ ఏండ్లలోనే ప్రతిధ్వనింప నారంభించినది. తమిళమున పౌరాణికములు వెనుకబడి, సంభాషణలకు ప్రాధాన్యముగల సాంఘికములు ముందుకు వచ్చినవి. ఒక్కొక్క చిత్రములో పాటలపై పాటలు తానే పాడి, నడుమ నడుమ కచ్చేరీలు చేయుచు పదేండ్లు ఎడతెగక శ్రమించిన గొంతు అది. అలసిన మనిషికి విశ్రాంతి కావలెను. ఆయనకు దొరకినది చెఱసాల. విశ్రాంతి మనిషిని తిరిగి నిలుపును, చెఱ నిలుపదు. అందుచే ఆయన పతనమునకు అభియోగము, అలసట, కాలమార్పు మూడును కారణములు. ఏది ఎంత అని తూచి చెప్పుట ఎవరి తరమును కాదు. కృష్ణన్‌కు మధురమును, వెనుక నిలిచిన సమాజమును ఉండెను. భాగవతార్‌కు ఎదుట చప్పట్లు కొట్టినవారే గాని వెనుక నిలిచిన సంస్థ లేకపోయెను.

ఇట్టిదే అమెరికాలోను జరిగినది. రోస్కో ఆర్బకల్ అను హాస్యనటుడు తన చిత్రములకు తానే దర్శకుడుగ కూడ నుండెను. 1921లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక విందు పిదప ఒక నటి మరణింపగా అభియోగమునకు గురియయ్యెను. రెండు జూరీలు ఏకాభిప్రాయమునకు రాలేదు. మూడవ జూరీ 1922 ఏప్రిలులో నిర్దోషి అనుటయే కాక, ఆయనకు అన్యాయము జరిగినదని లిఖితపూర్వకముగ తెలిపినది. ఆరు దినములలో చిత్రపరిశ్రమ అధికారి ఆయన చిత్రములను నిషేధించెను! ఆ ఏటి చివర నిషేధము తొలగినను, అటుపై చాలకాలము మారుపేరుతో దర్శకత్వము చేయుచు బ్రతికి, 1933లో మరణించెను.

ఇంతవరకు చెప్పినది విని, అభియోగములన్నియు అసూయతోను, ధనాశతోను పుట్టునవే యని ఎవరైన తలచినచో వారు మా మాటను తప్పుగా వినిరన్నమాట. లక్ష్మీకాంతన్ పత్రిక ఎందుచే అమ్ముడుపోయినది? స్టూడియోలలో ఆడువారికి అన్యాయము జరుగుచున్నదని జనమునకు తెలియును. ఆ అన్యాయమును చెప్పుకొనుటకు చోటెక్కడను లేదని కూడ తెలియును. చెప్పుకొనదగిన చోట చెప్పనీయని మాట సందుగొందులలో అమ్మకమునకు వచ్చును. అచ్చట నిజమును, కల్పనయు ఒకే ధరకు అమ్మబడును. దోషి దాగుకొనుటకును, నిర్దోషి నలిగిపోవుటకును అంతకన్న అనువైన స్థలము లేదు.

మన కాలమున ఆ లోటు తీరినదా అనిన, చట్టములో తీరినది. ఆచరణలో పూర్తిగ తీరలేదు. కేరళములో 2017లో ఒక నటిపై జరిగిన దౌర్జన్యము పిదప ఆ ప్రభుత్వము జస్టిస్ హేమ అధ్యక్షతన కమిటీని నియమించెను. 2019 డిసెంబరులో నివేదిక చేతికందినది. జనము చదువుటకు 2024 ఆగస్టు వరకు వేచియుండవలసివచ్చినది. హైదరాబాదులో 2018 ఏప్రిలులో ఒక నటి ఫిలిం ఛాంబరు ఎదుట ఒంటరిగా నిరసన తెలుపగా దేశమంతయు విన్నది. 2019లో తెలంగాణ ప్రభుత్వము కమిటీని ఏర్పరచెను. దాని ఉపసంఘము 2022లో నివేదిక నిచ్చినది. దానిని బయటపెట్టుడని 2024 ఆగస్టులో సైతము చిత్రసీమ స్త్రీలు అడుగవలసివచ్చెను. నివేదిక వ్రాయించి పెట్టెలో నుంచుట ఫిర్యాదిదారుకును మేలు కాదు, నిందితునకును మేలు కాదు.

చట్టమేమి చెప్పుచున్నదో కొంత వివరించెదము, ఏలయనగా ఇది చిత్రసీమకు మాత్రమే సంబంధించినది కాదు. 1997లో సుప్రీంకోర్టు విశాఖ కేసులో ఇచ్చిన తీర్పు పునాదిగా, 2013లో పనిచేయు చోట స్త్రీలపై లైంగిక వేధింపును నివారించు చట్టము వచ్చినది. పదిమంది కాని, అంతకెక్కువ కాని పనిచేయు ప్రతి చోటను అంతర్గత కమిటీ యుండవలెను. ఫిర్యాదు సంఘటన జరిగిన మూడు నెలలలో వ్రాతమూలముగ చేయవలెను. తగిన కారణమున్న మరి మూడు నెలలు గడువు నీయవచ్చును. వ్రాయలేనివారికి వ్రాయుటలో సాయపడుట కమిటీ విధి. విచారణ తొంబది దినములలో ముగియవలెను. విచారణ జరుగుచుండగ ఆమె కోరినచో ఒకరిని వేఱు చోటికి మార్చుటకును, ఆమెకు మూడు నెలల వరకు సెలవిచ్చుటకును వీలు కలదు. ఆమె పేరుగాని, ఎదుటివాని పేరుగాని, విచారణ సంగతులుగాని పత్రికలకు వెల్లడింపరాదు. లక్ష్మీకాంతన్ పత్రికకు సరకు దొరకకుండ చేయు నిబంధన ఇది.

ఒక మాట విశేషముగ గమనింపదగినది. ఫిర్యాదు రుజువు కాకపోవుట వేఱు, అబద్ధమగుట వేఱు. తగిన సాక్ష్యము చూపలేకపోయినంత మాత్రమున ఫిర్యాదిదారుపై చర్య తీసికొనరాదని చట్టము స్పష్టముగ చెప్పుచున్నది. ఉద్దేశపూర్వకముగ అబద్ధము చెప్పెనని ప్రత్యేక విచారణలో తేలినప్పుడే చర్య. మన వీథి అరుగుల మీద ఈ భేదము ఎవరును పాటింపరు. కేసు కొట్టివేసిరనగనే ఆమె అబద్ధమాడినదందురు. కేసు పెట్టిరనగనే అతడు నేరస్థుడందురు. నేర న్యాయస్థానమునకు సందేహమునకు తావులేని రుజువు కావలెను. పనిచేయు చోటి కమిటీ సంభావ్యతలను తూచి, ఉద్యోగ నిబంధనల మేరకు చర్యను సూచించును. పురస్కార మిచ్చువారికి తమ గౌరవమును కాపాడుకొను హక్కు కలదు. కాని నిలిపివేయుట వేఱు, రద్దు చేయుట వేఱు. రేడియో మీట త్రిప్పు శ్రోతకు ఏ తూనికయు లేదు. త్రిప్పినను ఎవరికిని శిక్ష పడదు, త్రిప్పకున్నను ఎవరికిని విడుదల కలుగదు. ఇంటిలోని తండ్రి, కుమార్తె ఇద్దరును ఈ మాట ఒప్పుకొనిన వారి వాదమునకు చాల భాగము వేడి తగ్గునని మా నమ్మకము. మిగిలిన భాగము అభిరుచికి సంబంధించినది. అందు మా జోక్యమనవసరము.

మన పెద్దపల్లి జిల్లాలో స్టూడియోలు లేవు. ఉన్నవి ఇటుక బట్టీలు, బియ్యపు మిల్లులు, జిన్నింగు మిల్లులు, రామగుండము విద్యుత్కేంద్రము, గోదావరిఖని గనులు, దుకాణములు, ప్రైవేటు బడులు. పెద్ద సంస్థలలో అంతర్గత కమిటీ యుండవలెను. నలుగురో ఐదుగురో స్త్రీలు పనిచేయు చిన్న చోట్ల అట్టి కమిటీ యుండదు. కొన్ని చోట్ల యజమానియే నిందితుడు కావచ్చును. అట్టివారికై ప్రతి జిల్లాకును జిల్లాధికారి స్థానిక కమిటీని ఏర్పరుపవలెనని 2013 చట్టము శాసించినది. దానికి అధ్యక్షురాలు స్త్రీయే యుండవలెను. కలెక్టరు కార్యాలయము దాక రాలేనివారి కొఱకు మండలములలోను, పురపాలక వార్డులలోను నోడల్ అధికారులను నియమింపవలెను. ఫిర్యాదు అందిన ఏడు దినములలో ఆ అధికారి దానిని స్థానిక కమిటీకి పంపవలెను. విచారణ ముగిసిన పది దినములలో నివేదిక యజమానికి లేక జిల్లాధికారికి అందవలెను. అటుపై అరువది దినములలో చర్య జరుగవలెను. మీ మండలమునకు నోడల్ అధికారి ఎవరో తహసీలు కార్యాలయమున అడిగి, పేరు వ్రాసికొనవచ్చును.